రీల్స్ వ్యూలు, గల్లాపెట్టె లెక్కలు

చీరల కొట్టు నడిపేవాళ్ళు ఇప్పుడు రెండు సలహాల మధ్య నలుగుతున్నారు. రోజుకో రీల్ పెట్టకపోతే షాపు మూసుకోవాల్సిందేనని ఒకరు బెదిరిస్తారు. లక్ష వ్యూలు వచ్చినా పది చీరలు కదల్లేదని ఇంకొకరు నిట్టూరుస్తారు. ఇద్దరి దగ్గరా ఉదాహరణలున్నాయి. పదేళ్ళుగా సాగుతున్న ఈ వాదన ఇంకా తేలకపోవడానికి కారణం, వాదించేవాళ్ళు ఒకే విషయం గురించి మాట్లాడకపోవడమే. ఒకరు కొత్త గిరాకీ గురించి చెబుతుంటే, మరొకరు లాభం గురించి చెబుతున్నారు. వీళ్ళు కాక మూడో మనిషి కూడా ఉన్నాడు, ఆయన భయమంతా ఫోను తెర ఎవరి చేతుల్లో ఉందన్నదే.

ఈ సమీక్ష చిన్న వస్త్ర దుకాణాలకే పరిమితం. తెలుగువాళ్ళ ఫోన్లలో ఎక్కువగా కనిపించే చిల్లర వ్యాపారం ఇదే. కిరాణా, మందుల షాపులది వేరే దారి. వాటిని నిలబెట్టేది చాలావరకు ఇంటికి దగ్గరగా ఉండటం. చీర కోసం మాత్రం జనం ముందునుంచీ ఊళ్ళు దాటి మంగళగిరి, పోచంపల్లి, గద్వాల, వెంకటగిరి వెళుతూనే ఉన్నారు.

ఆటో మైకు నుంచి మొబైల్ దాకా

దుకాణదారుడికి ప్రచారం కొత్త కాదు. వీధుల్లో తిరిగే ఆటో మైకు, పేపర్ మడతలో పెట్టి పంచే కరపత్రం, సినిమా హాల్లో ఇంటర్వెల్ స్లైడు, సిటీ కేబుల్లో తెర అడుగున పరుగెత్తే అక్షరాలు, ఇవన్నీ చిన్న వ్యాపారికి అందుబాటు ధరలో ఉన్నవే. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక, రాష్ట్రమంతటికీ ప్రకటన ఇచ్చే స్తోమత లేని జిల్లా కేంద్రపు బట్టల కొట్టు కూడా పేపరుకెక్కింది. భారతీయ భాషా పత్రికల విస్తరణ మీద రాబిన్ జెఫ్రీ 2000లో వెలువరించిన పుస్తకం ఈ స్థానిక ప్రకటనలను ప్రత్యేకంగా చర్చిస్తుంది. సోషల్ మీడియాను ఆకాశం నుంచి ఊడిపడిన విప్లవంగా చెప్పేవాళ్ళు ఈ వరసను మరిచిపోతారు.

అయితే ఒక తేడా ఉంది. మైకు చెప్పేసి వెళ్ళిపోయేది. ఇప్పుడు చూసినవాళ్ళు అక్కడికక్కడే అడుగుతారు, బేరమాడతారు, డబ్బు కడతారు. ఇది ఒక్కరోజులో రాలేదు. ఫేస్‌బుక్ 2007లో వ్యాపారాల కోసం పేజీలు తెచ్చింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధరను నేలకు దించింది. యూపీఐ కూడా ఆ ఏడాదే మొదలైంది. 2018 జనవరిలో వాట్సాప్ బిజినెస్, మరుసటి ఏడాది అందులో కేటలాగ్ వచ్చాయి. 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో పాటు మొత్తం 59 యాప్‌లను ప్రభుత్వం నిషేధించింది. కొద్దిరోజుల్లోనే ఇన్‌స్టాగ్రామ్ భారత్‌లో రీల్స్ తెచ్చి ఆ ఖాళీని పూరించింది. అప్పటికే లాక్‌డౌన్ వల్ల షట్టర్లు దించుకుని కూర్చున్న దుకాణదారులు ఫోను పట్టుకున్నారు.

వీటిలో చిన్న దుకాణానికి అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది యూపీఐ అని నా అభిప్రాయం. పక్క జిల్లాలో ఉన్న ముక్కూమొహం తెలియని మనిషి ముందుగా డబ్బు పంపితేనే కదా కొట్లోంచి చీర బయటికి వెళ్ళేది. ప్రచారం గురించి రాసేవాళ్ళు దీన్ని దాదాపుగా పట్టించుకోరు.

కొత్త గిరాకీ వాదం

మొదటి వర్గం వాదం సూటిగా ఉంటుంది. ఎంత ఎక్కువ మందికి కనిపిస్తే అంత అమ్మకం. దీనికి పండిత సమర్థన కూడా ఉంది. ఆస్ట్రేలియాలోని ఎరెన్‌బర్గ్-బాస్ సంస్థకు చెందిన బైరన్ షార్ప్ 2010లో ప్రచురించిన 'హౌ బ్రాండ్స్ గ్రో' పుస్తకం సారాంశం ఇదే. వ్యాపారాలు పెరిగేది పాత ఖాతాదారుల విశ్వాసం పెంచుకుని కాదు, అప్పుడప్పుడు మాత్రమే కొనే కొత్తవాళ్ళను పోగుచేసుకుని అంటాడాయన. రీల్స్, బూస్ట్ చేసిన పోస్టులు, యూట్యూబర్లను పిలిపించి తీయించే షాపింగ్ వీడియోలు, అన్నీ ఈ కోవలోకే వస్తాయి.

హైదరాబాద్ మదీనా మార్కెట్లోనో, విజయవాడ వస్త్రలతలోనో, రాజమహేంద్రవరం తాడితోటలోనో తీసిన వీడియో చూసి ఎక్కడెక్కడి నుంచో ఆర్డర్లు రావడం నిజమే. ఇంట్లోంచే చీరలు అమ్మే మహిళలు సరుకు దొరికే చోట్లు తెలుసుకుంటున్నది కూడా చాలావరకు ఈ వీడియోల నుంచే. ఈ మేలును కొట్టిపారేయలేం.

కానీ షార్ప్ వాదం ప్రధానంగా సబ్బులు, శీతల పానీయాల లాంటి పెద్ద బ్రాండ్ల లెక్కల మీద నిలిచింది. ఆ సరుకు దేశమంతటా ప్రతి కొట్లో దొరుకుతుంది కాబట్టి ఎక్కడ ఎవరికి కనిపించినా ప్రయోజనమే. చీరాలలో ఒకే ఒక్క కొట్టు ఉన్నవాళ్ళకు అలా కాదు. వాళ్ళ రీల్‌ను ఆదిలాబాద్‌లో ఇరవై వేలమంది చూస్తే వ్యూల అంకె పెరుగుతుంది గానీ మెట్లెక్కి వచ్చే మనుషులు పెరగరు. కొరియర్లో పంపగలిగే కొట్టుకూ, కౌంటరు మీద మాత్రమే అమ్మే కొట్టుకూ వ్యూల విలువ ఒకటి కాదు. షాపు చుట్టూ ఇన్ని కిలోమీటర్ల లోపే చూపించమని ప్రకటనకు హద్దు పెట్టే వీలుంది. కొన్ని మీటల దూరంలో ఉన్న ఆ సదుపాయాన్ని వదిలేసి, కంటికి కనిపించే బూస్ట్ బటన్ నొక్కి ఊరుకునేవాళ్ళు చాలామంది.

పాత గిరాకీ వాదం

రెండో వర్గం దీన్ని తలకిందులు చేస్తుంది. ఒకసారి కొన్న మనిషి చేత మళ్ళీ కొనిపించడమే వ్యాపారం అంటుంది. రచయిత కెవిన్ కెల్లీ 2008లో రాసిన 'వెయ్యిమంది నిజమైన అభిమానులు' అన్న వ్యాసం ఈ వర్గానికి ప్రమాణం. ఏడాదికి తలా వంద డాలర్లు ఖర్చుపెట్టే వెయ్యిమంది దొరికితే ఒక కళాకారుడు బతికేయవచ్చన్నది ఆయన లెక్క. అదే లెక్కను కొట్టుకు వర్తింపజేసే సలహాదారులు ఒక సంగతి దాటేస్తారు. కెల్లీ చెప్పింది తన సరుకు తానే తయారుచేసుకునేవాళ్ళ గురించి. దుకాణదారుడికి మిగిలేది మార్జిన్ మాత్రమే. వెయ్యిమంది తలా ఐదువేల చొప్పున కొంటే టర్నోవరు 50 లక్షలు. అందులో ఇరవై శాతం మార్జిన్ అనుకుంటే 10 లక్షలు. కొట్టు అద్దె, ఇద్దరు అమ్మాయిల జీతాలు, కరెంటు బిల్లు అందులోంచే పోవాలి. వెయ్యిమంది సరిపోతారో లేదో ఊరిని బట్టి ఉంటుంది.

అయినా ఈ వర్గం వాదన మన దుకాణాల స్వభావానికి దగ్గరగా ఉంది. ఫలానా వాళ్ళ పెద్దమ్మాయికి జరీ అంచు నచ్చదని, ఫలానా ఇంట్లో శ్రావణంలో తప్పకుండా పట్టుచీర తీస్తారని గుర్తుపెట్టుకోవడం పాతకాలపు షావుకార్లకు వెన్నతో పెట్టిన విద్య. వాట్సాప్ ఆ జ్ఞాపకాన్ని ఫోన్లోకి ఎక్కించింది. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందికే చోటు. అందులోనూ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే సందేశం చేరుతుంది. ఈ పరిమితిని చాలామంది లోపమంటారు. నాకది జల్లెడలా పనికొస్తుందనిపిస్తుంది. షాపు నంబరు సేవ్ చేసుకోవడం కంటే గట్టి ఆసక్తి ఏ లైకూ చెప్పదు.

దీనికీ జబ్బు ఉంది. ఆషాఢం ఆఫరని, వరలక్ష్మీ వ్రతం కలెక్షనని, కార్తీకం స్పెషలని రోజుకు ముప్పై ఫొటోలు గుమ్మరిస్తే ఆ నంబరు బ్లాకవుతుంది. రీల్ నచ్చకపోతే చూసేవాళ్ళు వేలితో పక్కకు తోసేస్తారు, రేపు మళ్ళీ చూస్తారు. బ్లాకైన నంబరు మాత్రం తిరిగి రాదు.

ఎవరి చేతిలో తాళంచెవి

మూడో వర్గం అమ్మకాల గురించి కాక ఆధారపడటం గురించి మాట్లాడుతుంది. ఫేస్‌బుక్ పేజీలు తొలినాళ్ళలో లైకు కొట్టినవాళ్ళకు ఉచితంగానే చేరేవి. 2014లో ఓగిల్వీ అనే ప్రకటనల సంస్థ వందకు పైగా బ్రాండ్ పేజీలను పరిశీలించినప్పుడు, ఒక పోస్టు ఉచితంగా చేరుతున్నది అభిమానుల్లో దాదాపు 6 శాతానికే అని, ఐదు లక్షలకు మించి లైకులున్న పేజీలకు అది 2 శాతమేనని తేలింది. 2018 జనవరిలో జుకర్‌బర్గ్ స్వయంగా, ఇకమీదట వ్యాపారాల పోస్టుల కంటే బంధుమిత్రుల పోస్టులకే ప్రాధాన్యమని ప్రకటించాడు. ఏళ్ళ తరబడి లైకులు పోగుచేసుకున్నవాళ్ళు తమ జనాన్ని చేరడానికి తామే డబ్బు కట్టే స్థితి వచ్చింది.

టిక్‌టాక్ మీదే ఆధారపడ్డవాళ్ళ ఫాలోయర్లు నిషేధంతో ఒక్కరాత్రిలో పోయారు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ దాదాపు ఆరుగంటలు ఆగిపోయాయి. మూడు చోట్ల ప్రచారం చేసుకుంటున్నామనుకున్న వ్యాపారికి ఆ మూడూ ఒకే యజమానివని ఆనాడు గుర్తొచ్చి ఉంటుంది.

ఈ వర్గం చూపే ప్రత్యామ్నాయాలు బలహీనం. సొంత వెబ్‌సైటు పెట్టుకున్నా దాన్ని చూసేవాళ్ళు కావాలి. ఇంట్లోంచి అమ్మేవాళ్ళతో మొదలైన మీషో ఇప్పుడు ధరల పోటీకి వేదిక. అందులో మంగళగిరి నేత చీర సూరత్ మరచీర పక్కన నిలబడలేదు. ప్రభుత్వం తెచ్చిన ఆన్‌లైన్ వ్యాపార నెట్‌వర్క్ ఓఎన్‌డీసీ ఉద్దేశం మంచిదే గానీ చీరల కొట్టుకు అది ఇంకా అలవాటు కాలేదు. ఈ వర్గం ఇచ్చే సలహాల్లో పనికొచ్చేది ఒక్కటే. ఖాతాదారుల పేర్లు, నంబర్లు యాప్‌లోనే కాక సొంత పుస్తకంలోనూ రాసిపెట్టుకోవాలి.

కొలత దగ్గరే అసలు చిక్కు

ప్రచారం పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది? ఇక్కడ పరిశోధనలు సామాన్య జ్ఞానాన్ని రెండువైపులా దెబ్బకొడతాయి.

రాండల్ లూయిస్, డేవిడ్ రైలీ అమెరికాలో ఒక పెద్ద దుకాణాల సంస్థ ఖాతాదారుల మీద యాహూ ప్రకటనలతో ప్రయోగం చేసి 2014లో ఫలితాలు ప్రచురించారు. పెరిగిన అమ్మకాల్లో 93 శాతం ఆన్‌లైన్‌లో కాదు, దుకాణాల్లోనే జరిగాయి. అందులోనూ ఎక్కువ భాగం ప్రకటన మీద క్లిక్ చేయనివాళ్ళ నుంచే వచ్చింది. అంటే రీల్‌కు లైకు కొట్టకుండా, మెసేజ్ పెట్టకుండా, ఆదివారం నేరుగా కొట్టుకు వచ్చి కొన్నవాళ్ళు ఏ రిపోర్టులోనూ కనిపించరు. లైకులు రాలేదు కాబట్టి ప్రచారం దండగ అనే మాట నిలవదు.

దీనికి ఎదురుగా మరో సాక్ష్యం ఉంది. ఈబే సంస్థ తన పేరు వెతికేవాళ్ళకు చూపే ప్రకటనలను ఆపేసి చూసినప్పుడు అమ్మకాలకు చెప్పుకోదగ్గ నష్టం కలగలేదని బ్లేక్, నాస్కో, తదెలిస్ 2015లో తేల్చారు. ఎలాగూ వచ్చేవాళ్ళకే డబ్బు ఖర్చుపెట్టి దారి చూపించినట్టయింది. ఫేస్‌బుక్‌లో జరిగిన 15 పెద్ద ప్రయోగాలను గోర్డన్ బృందం 2019లో పరిశీలించింది. చూసినవాళ్ళను, చూడనివాళ్ళను ఊరికే పోల్చే మామూలు పద్ధతులు ప్రకటనల ప్రభావాన్ని తరచూ ఎక్కువచేసి చూపిస్తాయని తేలింది. ఇంకో మెట్టు పైకెళ్ళి, లక్షల మంది మీద జరిపే ప్రయోగాలు కూడా లాభనష్టాలను కచ్చితంగా తేల్చలేవని లూయిస్, జస్టిన్ రావ్ 2015లో వాదించారు. మనుషుల కొనుగోళ్ళలో ఉండే సహజమైన ఒడిదుడుకుల ముందు ప్రకటన ప్రభావం చాలా చిన్నది కావడమే కారణం.

ఇవన్నీ అమెరికా కంపెనీల లెక్కలే. పెళ్ళిముహూర్తాలు, మూఢాలు, పంట చేతికొచ్చే రోజులు అమ్మకాన్ని శాసించే మన ఊళ్ళలో ఆ ఒడిదుడుకులు ఇంకా పెద్దవి. మాఘమాసంలో బూస్ట్ చేసి అమ్మకాలు పెరిగాయని సంబరపడే వ్యాపారి, బూస్ట్ చేయకపోయినా మాఘంలో అమ్మకాలు పెరుగుతాయన్నది మరిచిపోకూడదు.

ఒక చీర లెక్క

వాదాలన్నీ పక్కనపెట్టి ఊహకు ఒక లెక్క వేద్దాం. చీర అమ్మకం ధర 1,500, కొన్నది 1,100. మిగిలేది 400. కొరియర్, ప్యాకింగ్ 120 పోతే 280. వాట్సాప్‌కు మళ్ళించే ప్రకటనకు ఒక్కో విచారణ 20 రూపాయలు పడుతుందని, పన్నెండు మంది అడిగితే ఒకరు కొంటారని అనుకుంటే, ఆ ఒక్క అమ్మకం కోసం ప్రకటన ఖర్చు 240. చేతికొచ్చేది 40. ప్రకటన బిల్లు మీద 18 శాతం జీఎస్టీ కలిపితే ఖర్చు 283 అవుతుంది. ఆ పన్నును తన జీఎస్టీలో సర్దుబాటు చేసుకునే ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోలేని దుకాణానికి మూడు రూపాయల నష్టం.

అంకెలు ఎవరి కొట్టుకు తగ్గట్టు వాళ్ళు మార్చుకోవచ్చు. గమనించాల్సింది ఏమిటంటే, మొదటి చీర మీద ప్రకటన లాభం తేవడం కష్టం. అదే మనిషి దసరాకు మళ్ళీ ఫోన్ చేస్తే 280కి 280 మిగులుతాయి. అందుకే కొత్త గిరాకీ వాదానికీ పాత గిరాకీ వాదానికీ మధ్య పైకి కనిపించేంత వైరం లేదు. రెండో కొనుగోలు ఉంటేనే ప్రకటన గిట్టుబాటవుతుంది. సరుకు, మాట బాగుంటేనే ఆ రెండో కొనుగోలు ఉంటుంది.

తెర మీద చీర, చేతిలో చీర

ఆన్‌లైన్ చీరల అమ్మకానికి అడ్డుపడేది ప్రచారం కొరత కాదు, నమ్మకం కొరత. రింగ్‌లైటు కింద మెరిసిన నెమలిపింఛం రంగు ఇంటికొచ్చేసరికి వెలిసిపోయినట్టుంటుంది. అసలు పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకే ముందుగా రంగు వేసి నేస్తారు కాబట్టి డిజైను రెండువైపులా ఒకేలా కనిపిస్తుంది. అచ్చువేసిన నకలుకు వెనకవైపు వెలవెలబోతుంది. కౌంటరు మీద చీర తిప్పి చూసే ఆడవాళ్ళకు ఇది క్షణంలో తెలిసిపోతుంది. ఫొటోలో తెలియదు. చేనేతకు కొన్ని వస్త్రాలను కేటాయించే 1985 చట్టం ఉంది, భౌగోళిక గుర్తింపులు (జీఐ) ఉన్నాయి. అయినా మరమగ్గం చీరను చేనేతగా చెప్పి అమ్మే వీడియోలు ఆగలేదు. చీరను రెండువైపులా తిప్పి, పగటి వెలుతురులో, ఫిల్టరు లేకుండా చూపించే దుకాణానికి ఇదే అవకాశం. ఖర్చులేని ఈ పని చేసేవాళ్ళు తక్కువ.

అపనమ్మకం అటువైపూ ఉంది. డబ్బు కట్టినట్టు నకిలీ స్క్రీన్‌షాట్లు పంపేవాళ్ళు, క్యాష్ ఆన్ డెలివరీ పెట్టి పార్శిల్ తీసుకోనివాళ్ళు కొట్టువాళ్ళను ముంచుతున్నారు. అందుకే 'అన్‌బాక్సింగ్ వీడియో ఉంటేనే ఎక్స్ఛేంజ్' అన్న షరతు పుట్టింది. కొనేవాళ్ళకు అది అవమానంగానే ఉంటుంది. ఇక 'రేటు కోసం ఇన్‌బాక్స్' అనే అలవాటు. బేరానికి వీలుంటుందని, పక్క కొట్టువాడికి ధర తెలియదని వ్యాపారులు సమర్థించుకుంటారు. కొనేవాళ్ళు మొహం చూసి రేటు చెబుతున్నారనుకుంటారు. ధరలు దాచే కొట్టు కంటే చూపించే కొట్టే చివరికి గెలుస్తుందని నా అంచనా.

యూట్యూబర్ల ప్రచారం మీద నియమాలు ఉన్నాయి. డబ్బో, సరుకో తీసుకుని చేసిన వీడియో అయితే ఆ సంగతి చెప్పాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో, వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చాయి. తెలుగు షాపింగ్ వీడియోల్లో వీటిని పాటించేవాళ్ళను వెతుక్కోవాలి.

రాష్ట్రం దాటితే, సముద్రం దాటితే

మార్కెటింగ్ శిక్షణల్లో ఎవరూ చెప్పని ఇబ్బంది పన్నుది. చిన్న దుకాణాలు ఎంచుకునే వీలున్న జీఎస్టీ కాంపోజిషన్ పథకంలో ఉన్నవాళ్ళు రాష్ట్రం బయటికి సరుకు అమ్మకూడదు. ఇన్‌పుట్ క్రెడిట్ కూడా రాదు. మంగళగిరి నుంచి కూకట్‌పల్లికి చీర పంపడం 2014 జూన్ 2 తర్వాత అంతర్రాష్ట్ర వ్యవహారమే. రీల్‌కు హద్దుల్లేవు గానీ బిల్లుకు ఉన్నాయి. తెలంగాణ గిరాకీ కోసం రీల్స్ తీసే ఆంధ్ర దుకాణం ముందు మాట్లాడాల్సింది ఆడిటరుతో.

అమెరికా తెలుగువాళ్ళు ఎన్నో చిన్న దుకాణాలకు మంచి గిరాకీ. ఎనిమిది వందల డాలర్ల లోపు పార్శిళ్ళకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేయడంతో ఆ వ్యాపారానికి గట్టి దెబ్బ తగిలింది. భారత తపాలా శాఖ కొన్ని వారాల పాటు అక్కడికి సరుకుల బుకింగే ఆపేసింది. ఫాలోయర్లు తగ్గలేదు, వీడియోలు ఆగలేదు. సరుకు చేరే దారి మాత్రం ఇరుకైంది.

తేలినవీ తేలనివీ

మొత్తం మీద చూస్తే, కొత్త గిరాకీ వాదం కొరియర్ వ్యాపారానికీ, ఇంకెక్కడా దొరకని సరుకు ఉన్నవాళ్ళకూ సరిపోతుంది. ఊళ్ళో నాలుగు కొట్ల మధ్య ఐదో కొట్టుకు పాత గిరాకీ వాదమే శరణ్యం. ఆధారపడటం గురించిన హెచ్చరిక అందరికీ వర్తిస్తుంది గానీ, దాంతో అమ్మకం పెరగదు. రీల్ కంటే ముందు వాట్సాప్ జాబితా, బూస్ట్ కంటే ముందు మార్జిన్ లెక్క అన్న వరస తప్పినవాళ్ళే ఎక్కువగా నష్టపోతున్నారని నాకనిపిస్తుంది.

తేలనివి రెండు పెద్దవి. ఆన్‌లైన్‌లో పెరిగిన చీరల అమ్మకం వల్ల మగ్గం మీద కూర్చున్న నేతన్న కూలి పెరిగిందా, లేక మధ్యలో అమ్మేవాళ్ళ సంఖ్య పెరిగిందా? ఇంట్లోంచి అమ్మే మహిళల ఆదాయం ఊరి కొట్టును తినేసి వచ్చిందా, లేక కొత్త గిరాకీ నుంచి వచ్చిందా? రెంటికీ బల్లగుద్ది జవాబు చెప్పేవాళ్ళున్నారు, లెక్క చూపేవాళ్ళు లేరు.

కొలత విషయంలో మాత్రం మన వస్త్ర వ్యాపార సంఘాలు వెంటనే చేయగలిగిన పని ఒకటుంది. సభ్యుల్లో ఓ పాతిక దుకాణాలను ఎంచుకుని, ఒక్కొక్కరి ఖాతాదారుల నంబర్లను చీట్లు తీసినట్టు రెండు సగాలు చేయాలి. శ్రావణమాసమంతా ఒక సగానికే సందేశాలు పంపి, రెండో సగానికి ఆపేయాలి. నెలాఖరున రెండు సగాల బిల్లులూ పక్కపక్కన పెట్టి చూడాలి. దీనికి ఏజెన్సీ అక్కర్లేదు, ఖర్చూ లేదు. ఆ ఫలితాలను సంఘం పేరుతో అచ్చువేసి అందరికీ అందుబాటులో పెట్టాలి.